కట్టడపు బొమ్మ, కంప్యూటరు



ఇల్లు కట్టదలచినవారు మేస్త్రీకి మొదట కాగితముమీద గీతలు చూపుట మన మెరిగిన పద్ధతి. ఆ గీతలకు పొడవు, వెడల్పు మాత్రమే గలవు. నేడు కట్టడములకై కంప్యూటరులలో వాడు సాఫ్ట్‌వేరులు ఎత్తును గూడ గ్రహించి, కట్టడమును బొమ్మవలె నన్నివైపులకు ద్రిప్పి చూపుచున్నవి. అట్టి బొమ్మను వేరొకచోట జేసి తెచ్చి యిందు జొప్పించుట గలదు. ప్రతిదినము ఆ పనిలో నుండువాడను గనుక దానినిగూర్చియే నాలుగు మాటలు చెప్పదలచితిని.

స్పెయిను దేశమున బిల్బావో యను పట్టణమందు, నదీతీరమున, గుగ్గెన్‌హైమ్ అను కళామందిరము గలదు. అది 1997వ సంవత్సరమున దెరువబడినది. దాని వాస్తుశిల్పి ఫ్రాంక్ గెహ్రీ. ఆ మందిరపు గోడలు మన గోడలవలె నిటారుగ నిలువవు. గాలికెగిరిన వస్త్రమువలె మెలికలు తిరిగి యుండును. అట్టి రూపమును గీతలతో జూపుట దుస్సాధ్యము. కావున కొయ్యతోను కాగితముతోను చిన్న నమూనాను జేసి, మొనగల యొక కొలతయంత్రముతో దాని పైభాగమును చోటుచోట దాకిరి. తాకిన ప్రతి బిందువునకును కంప్యూటరు మూడేసి సంఖ్యలను వ్రాసికొనెను: ఇంత పొడవున, ఇంత వెడల్పున, ఇంత యెత్తున అని. ఆ బిందువులను నునుపైన తలములుగ గూర్చుటకు వాడినది కాటియా యను సాఫ్ట్‌వేరు. అది ఫ్రాన్సు దేశమున దసో సంస్థవారు విమానముల రూపకల్పనకై నిర్మించుకొన్నది! విమానపు రెక్కకును మందిరపు గోడకును నింత చుట్టరికము గలదని యెవ రూహింతురు?

అయినను లోనికి వచ్చినది పైతోలు మాత్రమే. దాని నిలువబెట్టు ఉక్కుచట్రమును ఇంజనీరులు వేరుగ నాలోచింపవలసి వచ్చెను. పైన దాపించిన పలుచని టైటానియం రేకులు సుమారు 33,000.

ఇప్పుడు బొమ్మను దిగుమతి చేయుట క్షణములలో ముగియును. చిక్కంతయు నచ్చటనే యున్నది. ఎస్.టి.ఎల్. అను ఫైలునందు బొమ్మ యంతయు చిన్నచిన్న త్రికోణములుగ నుండును. అవి యే కొలమానమున జేసినవో వ్రాసి యుండదు. అంగుళములను మిల్లీమీటరులుగ జదివినచో, 25 అడుగుల మండపము ఒక్క యడుగైనను నుండదు. తెరమీద మాత్రము రెండును నొక్కరీతిగనే కానవచ్చును! కావున దిగుమతి యైన వెంటనే ద్వారపు టెత్తువంటి తెలిసిన కొలత నొకదానిని సరిచూచుట మేలు.

రెండవ చిక్కు ఇంకను పెద్దది. ఆ సాఫ్ట్‌వేరులోనే గోడయని గీచినదానికి మందమెంత, ఇటుక యెంత యని యంత్రమునకు దెలియును; కిటికీ పెట్టినచో గోడ తానే చోటిచ్చును. బయటినుండి వచ్చిన బొమ్మ ఊరుపేరు చెప్పని బాటసారివంటిది. కంటికి కప్పువలె నున్నను, యంత్రమునకు అది కప్పని దెలియదు. అంచనా తీయునపుడు దానిని విడిచిపెట్టుటయు గలదు. ఆ లోటు కట్టించువాని సంచినుండియే పోవును. ఐ.ఎఫ్.సి. యను ఫైలుపద్ధతి 2013వ సంవత్సరమున అంతర్జాతీయ ప్రమాణమైనది. అందు రూపముతోబాటు ఇది గోడ, ఇది దూలము అను పేర్లును ప్రయాణము చేయును. కాని ఆ పేర్లు పెట్టువాడు మనుష్యుడే; అతడు దూలమును గోడ యన్నచో యంత్రమును గోడయనియే లెక్కించును.

మీ యూరి బడికో సమావేశమందిరమునకో ఇట్టి బొమ్మను తెరమీద జూపి, దానితో అంచనా పత్రము నిచ్చినయెడల, ఆ వంపుకప్పు లెక్కలో జేరినదా, ఏ వరుసలో జేరినది అని యడుగుడు. వేలుపెట్టి చూపుమనుడు.