కల్పితగ్రహముపై సహృదయుడు: అధ్యక్షోపన్యాసము



 వైజ్ఞానిక కల్పనాసాహిత్యమును గూర్చి మన సభలలో ఇంతవరకు జరిగిన చర్చలు పుస్తకమునకును చలనచిత్రమునకును పరిమితములై యున్నవి. నేడు నేను మాటాడదలచినది, ఆ కల్పన రాయియు ఇనుమును దీపమును నటుడును అయి, ఎకరములకొలది నేలపై నిలిచి, పాఠకుని చేయి పట్టుకొని లోనికి కొనిపోవు థీమ్ పార్కులను గూర్చి. అందును, వానిని కట్టిన శిల్పుల పక్షమునుండి కాక, పిన్ననాటినుండి ఆ కథలను హృదయస్థము చేసికొని, తుదకొకనాడు ఆ ద్వారములలో అడుగుపెట్టిన అభిమానుల పక్షమునుండి.

ఈ అభిమానులు పలికిన మెప్పును, అంతకంటె మిక్కిలిగా పలికిన ఆక్షేపణలను, డబ్బిచ్చి సరకు కొన్నవాని ఫిర్యాదులుగా త్రోసివేయుట పండితలోకమున పరిపాటి యైనది. అది అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము. మన ఆలంకారికులు సహృదయుడని యెవ్వనికి పట్టము గట్టిరో, యెవ్వని మనస్సున పూర్వవాసనలు నిండియుండుటచేతనే రసము మేల్కొనునని సిద్ధాంతము చేసిరో, ఆ సహృదయుడే నేటి యీ అభిమాని. అతడు తన అసంతృప్తిని తెలుపునపుడు తన పైకమును గాక, తనకు కలుగవలసియుండి కలుగక పోయిన అనుభవమును లెక్కకట్టుచున్నాడు.

ఈ విద్య నిన్న మొన్న పుట్టినది కాదు. 1901వ సంవత్సరమున అమెరికాలోని బఫెలో నగరమున జరిగిన పాన్-అమెరికన్ ప్రదర్శనములో ఫ్రెడెరిక్ థామ్సన్ అను నిర్మాత చంద్రలోకయాత్రను నెలకొల్పెను. ప్రేక్షకులు ‘లూనా’ యను రెక్కల ఓడ నెక్కిరి. చిత్రించిన తెరలును దీపములును కలిసి నయాగరా జలపాతము క్రిందికి జారిపోవుచున్నట్లు చూపెను. ఓడ దిగినవారు చంద్రుని గుహలలో నడచి, అచటివాసులుగా వేషము ధరించిన నటుల చేతినుండి పచ్చని జున్నుముక్కలు పుచ్చుకొనిరి. హెచ్. జి. వెల్స్ రచించిన చంద్రలోకపు నవల పుస్తకరూపమున వెలువడినదియు ఆ యేడే. రెండేండ్లకు న్యూయార్క్ నగరమునందలి కోనీ ఐలండ్‌లో లూనా పార్కు వెలసినది. తరువాతి చరిత్రను నేనిక్కడ విస్తరింపను. 1955లో డిస్నీలాండునందు తెరచిన టుమారోలాండ్ భవిష్యద్విజ్ఞానమును ప్రదర్శించినదే కాని, ఒక కథను ఆశ్రయించినది కాదు. 1987 జనవరిలో అచటనే వచ్చిన ‘స్టార్ టూర్స్’, విమానచోదకుల శిక్షణకై పుట్టిన కదలుగదిని ‘స్టార్ వార్స్’ కథకు వాహనముగా చేసినది. అభిమాని తన యింటిలోనికి వచ్చినట్లు భావించుట అప్పటినుండియే.

కాని నా దృష్టిలో ఈ కళయొక్క మర్మమును మొదట గ్రహించినది డిస్నీ సంస్థ కాదు. 1998 జనవరిలో లాస్ వేగస్ నగరపు హిల్టన్ హోటలులో ‘స్టార్ ట్రెక్: ది ఎక్స్‌పీరియెన్స్’ అను పేరున ఒక వినోదశాల వెలసెను. వాహనము కొఱకు వరుసలో వేచియున్న జనులు ఒక సాధారణమైన గదిలో నిలిచియుందురు. హఠాత్తుగా దీపములారి, గాలి వీచి, మరల వెలుగు వచ్చునప్పటికి వారు ఆ కథలోని ఎంటర్‌ప్రైజ్ నౌకలో, మనుష్యులను క్షణములో వేరొక చోటికి చేర్చు ట్రాన్స్‌పోర్టర్ వేదికపై నిలిచియుందురు. ఆ చీకటిలో గోడలును పైకప్పును పైకి లాగివేయబడినవని తెలిసికొన్న పిమ్మటను ఆ క్షణమును తలచుకొని పులకించు అభిమానులు నేటికిని ఉన్నారు. అంతకంటె గొప్పది అచటి కథ. మీలో నొకరు కెప్టెన్ పికార్డ్‌కు పూర్వీకులు, అందుచేతనే శత్రువులైన క్లింగాన్లు కాలమును దాటి వచ్చి మిమ్మల్ని అపహరింప జూచిరి, అని నౌకాధికారులు ప్రేక్షకులతో చెప్పుదురు. ఆ ఒక్కరు ఎవరో తెలియదు, ఎవరైనను కావచ్చును. కథానాయకుని అస్తిత్వమే ప్రేక్షకుని క్షేమముపై ఆధారపడియున్నదన్న మాట! ఇంతటి చిన్న ఉపాయముతో ప్రేక్షకునికి ఇంతటి పెద్ద పాత్ర నిచ్చిన నిర్మాణమును నేను వేరొక చోట ఎరుగను. 2008 సెప్టెంబరులో ఆ శాల మూతపడెను.

ఇక ప్రధానమైన ఉదాహరణమునకు వచ్చెదను. 2019 మే 31న కాలిఫోర్నియాలోని డిస్నీలాండునందును, ఆగస్టు 29న ఫ్లోరిడాలోని హాలీవుడ్ స్టూడియోస్ పార్కునందును ‘స్టార్ వార్స్: గెలాక్సీస్ ఎడ్జ్’ తెరవబడినది. ఒక్కొక్కటి 14 ఎకరముల విస్తీర్ణము. శిలలైన ప్రాచీనవృక్షముల మొండెముల నడుమ, బటూ అను గ్రహముపై, బ్లాక్ స్పైర్ అను సరిహద్దు సంత. దాని నడుమ నిలువెత్తు ప్రమాణమున మిలీనియం ఫాల్కన్ నౌక. ఈ నిర్మాణమునకు నాయకత్వము వహించిన స్కాట్ ట్రోబ్రిడ్జ్ ప్రభృతులు చూపిన నిష్ఠ సామాన్యమైనది కాదు. దుకాణముల పేరుపలకలు ఆరెబెష్ అను కల్పితలిపిలో ఉండును. అమ్మకపువారు ఆ గ్రహవాసులవలె పలుకరింతురు. వస్తువులపై చలనచిత్రపు ముద్ర కానరాదు. శీతలపానీయపు సీసాలనుగూడ ఆ లోకమునకు తగినట్లు గుండ్రముగా చేయించిరి. అవి చేతిబాంబులను పోలియున్నవని అమెరికా విమానాశ్రయ భద్రతాధికారులు ఆ యేటి ఆగస్టులో వానిని మొదట నిషేధించి, వెంటనే తమ నిర్ణయమును సవరించుకొనిరి. నిజమైన సంతలో సంగీతబృందము వెన్నంటి రాదు గనుక, చలనచిత్రములలోని జాన్ విలియమ్స్ సంగీతమును వీధులలో వినిపింపరాదనికూడ నిశ్చయించుకొనిరి.

ఈ నిష్ఠయంతయు కలిసి అభిమానులకు ఏమి చేసెనో చూడుడు. రాతిపని చూచి వారు ముగ్ధులైరి. ఫాల్కన్ నౌక యెదుట కంటనీరు పెట్టుకొన్నవారు అనేకులు. కాని కొంతసేపటికి వారికొక వింత యొంటరితనము కలిగినది. బటూ యను పేరు వారెరిగిన చిత్రములలో లేదు. అచటి కాలము 2017, 2019 నాటి చిత్రముల నడుమ నిలిచిపోయినది. కావున ఆరంభమున అచట ల్యూక్ స్కైవాకర్ లేడు, డార్త్ వేడర్ లేడు. ట్రోబ్రిడ్జ్ చెప్పిన కారణము ఆలోచింపదగినదే: టాటూయిన్ వంటి ప్రఖ్యాతస్థలముల కథలు మనకు ముందే తెలియును, ఆ కథలలో మనము లేమనియు తెలియును, అందుచేత ప్రేక్షకుని స్వకథకు తావిచ్చు క్రొత్త గ్రహము కావలెననియు ఆయన వాదము. శిల్పి పక్షమునుండి చూచిన ఇది ఉదారమైన భావన. అయినను అభిమానియే సరియని నేనెందుకు అనుచున్నానో వివరించెదను.

అభినవగుప్తపాదులు రసాస్వాదమునకు ఏడు విఘ్నములను చెప్పిరి. అందు మొదటిది సంభావనావిరహము. అనగా, ఇది జరుగుట సాధ్యమేయన్న నమ్మకము కుదురకపోవుట. మఱియొకటి దేశకాలవిశేషావేశము, ఒకానొక దేశకాలములకు కట్టుబడి చిత్తము సాధారణీకరణమును పొందలేకపోవుట. బటూ శిల్పులు మొదటి విఘ్నమునకు భయపడి, రెండవదానిలో చిక్కుకొనిరి. ఈ దినము, ఈ గ్రహము, ఈ యేడు మాత్రమే యని గిరిగీసి, నలువదియేండ్ల కథాసంపదను బయట నిలిపిరి. చిత్రమేమనగా, లోకాతీతమైన చేష్టలయందు నమ్మకము కుదుర్చుటకు రామాదుల వంటి ప్రఖ్యాతనామములను గ్రహింపవలెనని అభినవగుప్తులే మొదటి విఘ్నమునకు పరిహారము చెప్పియున్నారు. నమ్మకము రాతిపనివలన పుట్టదు, ప్రసిద్ధివలన పుట్టును. మన కూచిపూడి భాగవతమున తెరమీదుగా ఒక్క జడ వ్రేలాడినంతనే, పాత్ర కంటబడకమునుపే, సభయంతయు సత్యభామ వచ్చినదని యెరుగును. కథ ముందే తెలిసియుండుట ఆ ప్రేక్షకునికి అడ్డంకి కాదు, అదియే అతని మూలధనము. ఆ మూలధనమును బటూలో చెల్లనీయరైరి. దానిని కొంత చెల్లనిచ్చిన చోటు ఒకటి మాత్రము కలదు. సావీ కార్యశాలలో అభిమాని తన లైట్‌సేబరును తానే కూర్చుకొనుచుండగా గురువైన యోడా కంఠము వినిపించును; అక్కడ గద్గదులగువారి సంఖ్య తక్కువ కాదు. అయితే ఆరంభమున ఆ ఖడ్గము వెల సుమారు 200 డాలర్లు! ఆ కంఠము వీధిలో అందరికిని ఉచితముగా వినిపింపవలసినది గదా యని నా మనస్సు నేటికిని బాధపడును.

అభిమానుల మాట వృథాపోలేదు. 2022 నవంబరులో కాలిఫోర్నియా బటూకు మాండలోరియన్ పాత్ర వచ్చెను. 2026నుండి అచట తొలి చిత్రముల కాలమునకును తావిచ్చి, ల్యూక్, లియా, హాన్, వేడర్ పాత్రలను ప్రవేశపెట్టి, వీధులలో విలియమ్స్ సంగీతమును వినిపింతుమని 2025లో డిస్నీవారు ప్రకటించిరి.

అభిమానుల మొదటి కోరిక ప్రసిద్ధకథకు సంబంధించినదైనచో, రెండవది పాత్రకు సంబంధించినది. ఫాల్కన్ నౌకలో ఆరుగురు కూర్చుందురు. ఇద్దరు చోదకులు, ఇద్దరు తుపాకులవారు, ఇద్దరు ఇంజనీర్లు. నౌకను రాళ్లకు కొట్టినవానిని సంతలో జనులు గుర్తుపట్టి నిలదీయుదురని తెరవకమునుపు శిల్పులు ఆశ చూపిరి. తెరచిన పిదప అది ఆ రూపమున సిద్ధింపలేదు. వెనుక వరుసలోనివారు ప్రక్కగోడపై మీటలు నొక్కుటకు తల త్రిప్పుకొనవలసి వచ్చి, ఎదుటి దృశ్యమును పోగొట్టుకొనిరి. పాత్ర నిచ్చుటయనగా మీట నిచ్చుట కాదు. చేసిన పనిని ఆ లోకము జ్ఞాపకముంచుకొనుట. ఈ తత్త్వమును పూర్తిగా ఆచరింప బూనినది 2022 మార్చి 1న ఫ్లోరిడాలో ఆరంభమైన గెలాక్టిక్ స్టార్‌క్రూజర్. హాల్సియన్ అను నౌకగా భావింపబడిన ఆ హోటలులో రెండు రాత్రులు గడపుచు, ప్రయాణికులు నటులతో కలిసి కుట్రలు పన్నిరి, రహస్యములు మోసిరి. డిస్నీ పార్కులలో పదునాలుగేండ్లు నిండినవారికి వేషధారణ నిషిద్ధము. ఈ నౌకలో పెద్దలును వేషముతో తిరుగగలిగిరి. 1997నుండి 501వ లీజియన్ అను సంఘముగా ఏర్పడి, స్వహస్తములతో సైనికకవచములు చేసికొనుచున్న అభిమానుల పరంపర నెరిగినవారికి ఈ అనుమతి విలువ తెలియును. అచట ఉండి వచ్చినవారిలో పలువురు నటులను కుటుంబసభ్యులవలె తలచుకొందురు. కాని ఇద్దరికి వెల సుమారు 4,800 డాలర్లనుండి మొదలయ్యెను. ఏడాదిన్నర గడచి 2023 సెప్టెంబరు చివర నౌక నిలిచిపోయెను.

2024 మేలో జెన్నీ నికల్సన్ అను అభిమానవిమర్శకురాలు ఈ నౌకపై సుమారు నాలుగు గంటల దృశ్యవ్యాసమును వెలువరించెను. భోజనశాలలో తన యెదుట స్తంభము అడ్డముగా నిలిచి ప్రదర్శనము కానరాలేదనియు, తాను చేసిన యెంపికలను ఫోనులోని యాప్ గుర్తింపక పోవుటచే తన కథయే నడువలేదనియు ఆమె చెప్పుటలో, అభినవగుప్తులు చెప్పిన ప్రతీత్యుపాయవైకల్యమును, అనగా గ్రహించుటకు వలసిన సాధనమే లోపించుటను, నేటి ఉదాహరణముతో చూడగలిగితిని. అంతటి సూక్ష్మమును, అంతటి ప్రేమను కలిగిన సమీక్ష ఒక నాటకమునకు వచ్చినచో మన పత్రికలు తలకెత్తుకొని యుండెడివి.

నా వాదమునకు ప్రతికూలముగా ఒక నిదర్శనమును దాచను. 2017 మే 27న ఫ్లోరిడాలో తెరవబడిన పండోరా, ‘అవతార్’ చిత్రముపై ఆధారపడినదే యైనను, చిత్రములోని యుద్ధము ముగిసి ఒక తరము గడచిన కాలమున నిలిచినది. ప్రసిద్ధపాత్రలు వీధులలో కానరావు. అయినను అది రక్తి కట్టినది. కారణము నాకిట్లు తోచును: ఆ చిత్రమున ప్రేక్షకుని వాసన పాత్రలయందు గాక, తేలియాడు కొండలయందును వెలుగు చిందు అడవియందును నాటుకొన్నది. శిల్పి జో రోడీ ఆ వాసన నెరిగి పనిచేసెను. ‘ఫ్లైట్ ఆఫ్ పాసేజ్’ వాహనముపై కూర్చున్నవాని మోకాళ్ల నడుమ, తన్ను మోయు ఆ లోకపు పక్షి ఊపిరి తీయుట తెలియును. ఆ స్పర్శ చాలును. ఏ కథకు ఏది ప్రాణమో అభిమానికి తెలియును. శిల్పి అడిగి తెలిసికొనవలెను.

ఇక కథ నెరుగనివారి మాట. కాలిఫోర్నియాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములు స్వదేశమునుండి వచ్చిన అమ్మమ్మతాతయ్యలను ఈ పార్కులకు కొనిపోవుట పరిపాటి. మనుమనికి ఫాల్కన్ దర్శనమైన చోట, ఆ పెద్దలకు కానవచ్చునవి రాళ్లును చదువరాని లిపియు మాత్రమే. వీరిని మరచిన నిర్మాణము సంపూర్ణము కాదు. బటూలోని ‘రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్’ అను వినోదయాత్ర ఈ చిక్కును చక్కగా విడదీసినది: బటూనేలపై ఒక చిన్న నౌక నెక్కి, అదే తలుపు మరల తెరువగా, బారులుదీరిన శత్రుసైనికుల నడుమ దిగుదురు. ఆ విభ్రమమునకు పూర్వకథ అక్కరలేదు. లాస్ వేగస్ చీకటిగదిలోని మాయయే మఱింత విశాలమై వచ్చినది. ఇక మన దేశమునకు వచ్చినచో, 1991లో ‘ఆదిత్య 369’ చూచి కాలయంత్రమును ప్రేమించిన తరమును, ‘కల్కి 2898 ఏడీ’ వాహనమైన బుజ్జిని చూచుటకు మూగిన తరమును మన నడుమ ఉన్నవి. రామోజీ ఫిల్మ్ సిటీలో బాహుబలి కట్టడములను జనులు నడచి చూచుచున్నారు. మనవారును ఇట్టి లోకమొకటి కట్టదలచినచో, వాస్తుశిల్పిని పిలువకమునుపు ఆ అభిమానులను కూర్చుండబెట్టుకొని, ఏ దృశ్యము వారి మనస్సున ఎట్లు నిలిచినదో వినవలెను.

లాస్ వేగస్ శాల నేడు లేదు. హాల్సియన్ నౌక లేదు. నాటకము వలెనే ఈ కళయు ఆడినంతకాలమే యుండును. అభిమానులు తీసిన చిత్రములును, వ్రాసికొన్న అనుభవములును తప్ప భావిపరిశోధకునికి వేరు ఆకరములు దొరకుట దుర్లభము. కావున ఈ సభకు వచ్చిన విదేశవాసులైన తెలుగువారు తాము చూచిన నిర్మాణములను గూర్చి, ఏ మూల నిలిచినపుడు నమ్మకము కుదిరినదో, ఏ మూల చెదరినదో, తెలుగున వ్రాసి సదస్సు కార్యదర్శిగారికి అందజేయవలసినదిగా ప్రార్థించుచు, తొలి పత్రమును చదువుటకు వక్తగారిని వేదికపైకి ఆహ్వానించుచున్నాను.