మోయదగిన మంద్రస్వరము

తిరువూరునుండి పాటకచ్చేరీలకు బయలుదేరు వారికి తొలి చిక్కు సంగీతముతో రాదు, సామానుతో వచ్చును. మా ఊరికి రైలు లేదు. ఇబ్రహీంపట్నమునుండి మైలవరము మీదుగా వచ్చి భద్రాచలము వైపు సాగిపోవు 30వ నంబరు జాతీయ రహదారియే మాకు ఆధారము. పెండ్లివిందునకైనను, క్రిస్మసు కూటమునకైనను, దసరా పందిరికైనను బస్సులోనో ఆటోలోనో పోవలసినదే. గాయకునకు గొంతుకయే సామాను. తబలా వానికి రెండు సంచులు. కీబోర్డు వానికి ఒక పొడుగుపెట్టె. బాస్ గిటారు వాయించు వానికి మాత్రము వాద్యము భుజమున వ్రేలాడుచుండగా, దాని ఆంప్లిఫయరు అను బరువు వేఱొకటి చేతికి దిగును. కనుక ఈ ఆంప్లిఫయరును ఎన్నుకొనుట యను విషయము పైకి చిన్నదిగా తోచినను, ఒక కుఱ్ఱవాని నడుమునకును, ఒక బృందము ఏడాదిపాటు కూడబెట్టిన సొమ్మునకును సంబంధించినది.

మన ప్రాంతమున ఈ బరువు వెనుకటివారికి లేదు. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో మైలవరము నాటక సమాజపు నటులు హార్మోనియము శ్రుతిపై పద్యమెత్తుకొన్నచో కట్టకడపటి వరుసవానికి గూడ వినబడెడిదని మా పెద్దలు నేటికిని మమ్ము దెప్పుచుందురు. పొరుగున నున్న నూజివీడు వీణనే చూడుడు. పనసకొయ్యను తొలిచి చేసిన దాని కుండయే దాని శబ్దవర్ధకము. బాస్ గిటారునకు అట్టి బోలుకడుపు లేదు. అది గట్టి చెక్క. 1951లో అమెరికాలో లియో ఫెండరు ప్రెసిషన్ బాస్ అను పేర దానిని అంగడికి తెచ్చిననాటినుండియు అది విద్యుత్తు నోటితోనే మాటాడవలసియున్నది.

ఆ నోరు పెద్దది కావలసి వచ్చుటకు కారణమున్నది. నాలుగు తంత్రుల బాస్ గిటారులో అన్నిటికంటె లావు తంత్రి సెకనునకు 41 పర్యాయములు కంపించును. గాలిలో ఆ తరంగము పొడవు 8 మీటర్లకు మించును. అంతటి అలను లేపవలెనన్న స్పీకరు చాల గాలిని నెట్టవలయును. పెట్టె చిన్నదిగా నుండుట, మంద్రము లోతుగా పలుకుట, కొద్ది విద్యుత్తునకే గట్టిగా మ్రోగుట అను ఈ మూడు కోరికలలో రెంటిని మాత్రమే పొందగలమని హాఫ్‌మన్ అను అమెరికా శాస్త్రజ్ఞుని పేర నొక సూత్రమున్నది. అందుచేతనే 1969లో ఆంపెగ్ సంస్థ చేసిన ఎస్.వి.టి. యను 300 వాట్ల యంత్రము ఒక్కటియే 40 కిలోలకు దగ్గరగా తూగెడిది. దానికి జోడుగా నుండు, పదేసి అంగుళముల స్పీకర్లు ఎనిమిది గల పెట్టె 60 కిలోలు దాటును. లారీలు గల బృందములకు అది చెల్లినది.

మేము మొదట కొన్నది అంత పెద్దది కాదు గాని, చేతులు మారివచ్చిన పాతకాలపు బరువైన పెట్టె. మా బాస్ వాయిద్యకాడు ఇరువదేండ్లవాడు. వెదురునిచ్చెన వంటి మెట్లపై దానిని వేదికల మీదికి ఎక్కించి ఎక్కించి, ఒక మాఘమాసపు పెండ్లిండ్ల నడుమ నడుము పట్టి మంచమెక్కినాడు. రెండు మాసములు వాయించలేదు. ఆ సీజను ఆదాయములో అతని పాలు పోయినది. మేము మనసు నొచ్చి, దానిని అమ్మి, అరచేతిలో ఇమిడెడి ఇంకొకదానిని కొంటిమి. అది ఇంటిలో చక్కగా పలికెను. పందిటిలో డ్రమ్ముల ప్రక్కన పెట్టగానే గొంతు బొంగురుపోయి, లావుతంత్రి మీటినప్పుడెల్ల కాగితము చినిగినట్లు గరగరలాడెను. రెండు తప్పులకును డబ్బు మాదే.

ఈనాడు తేలికయైన మంచి ఆంప్లిఫయరు అసాధ్యము కాదు. వెనుకటి బరువులో చాల భాగము 50 కంపనముల విద్యుత్తును మార్చు ఇనుప ట్రాన్స్‌ఫార్మరుదే. ఇప్పటి విద్యుత్ సరఫరా వలయములు అదే పనిని సెకనునకు వేలకొలది, పదివేలకొలది కంపనములతో చేయుటచే, పిడికిలియంత ట్రాన్స్‌ఫార్మరు చాలుచున్నది. డి-తరగతి యను వర్ధకపద్ధతిలో విద్యుత్తు వేడిగా వృథాపోవుట తక్కువ. కనుక వేడిని చల్లార్చు అల్యూమినియపు దిమ్మెలును తగ్గినవి. 1980ల తొలి సంవత్సరములలో జపానులోను అమెరికాలోను కనుగొన్న నియోడిమియము అయస్కాంతములు స్పీకరు బరువును గూడ తగ్గించినవి. ఐతే కొన్ని చవుక పెట్టెలలో యంత్రము తేలికయై, స్పీకరు మాత్రము పాత బరువుతోనే యుండును. బరువెంతయో అడిగి తెలిసికొనుట మంచిది. ఎత్తి చూచుట ఇంకను మంచిది.

ఇక వాట్లు. అంగడివాడు మొట్టమొదట చెప్పునది ఈ అంకెయే, మనము కట్టకడపట చూడవలసినదియు ఇదియే. వాట్లు రెట్టింపైనచో ధ్వని పెరుగునది 3 డెసిబెల్లులు మాత్రమే. చెవికి రెట్టింపుగా వినబడవలెనన్న సుమారు పదిరెట్ల శక్తి కావలయును. 250 వాట్లకును 500 వాట్లకును గల భేదమునకై అప్పు చేయనక్కరలేదు. ఒక్క వాటునకు ఎంత ధ్వని నిచ్చునో తెలుపు స్పీకరు సామర్థ్యము 3 డెసిబెల్లులు హెచ్చుగా నున్నచో, అది వాట్లను రెట్టించుటతో సమానము. పెట్టెపై వ్రాసిన అంకెలోను ఒక మెలిక యుండును. ఫెండరు రంబుల్ 500 అను పెట్టె పదియంగుళముల స్పీకర్లు రెంటితో 16 కిలోలకు పైగా తూగును. దానియందున్న స్పీకర్లకు చేరునవి 350 వాట్లే. వెలుపల మఱియొక స్పీకరు పెట్టె తగిలించిననాడే 500. ఆ వరుసలోనిదే 100 వాట్లది, పండ్రెండంగుళముల స్పీకరుతో, దాదాపు 10 కిలోలు. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టుకొని మన పందిరి ఎంతటిదో ఆలోచింపవలయును.

మంద్రము లోతు విషయమున గూడ మితిమీరిన ఆశ వలదు. ప్రకృతి మనకొక సదుపాయము చేసినది. మూలస్వరము స్పీకరులో బలహీనమైనను, దాని రెట్టింపు, మూడింతల కంపనములు స్పష్టముగా వినబడినచో, లోపించిన మూలమును మన చెవియే పూరించుకొనును. కావుననే చిన్న స్పీకరులోను పాట పాదము తెలియుచున్నది. మితికి మించిన మంద్రమును వడగట్టు అమరిక యున్న ఆంప్లిఫయరైనచో స్పీకరు చినుగదు. మాకు చినిగినదానిలో అది లేకపోయెను.

మన పల్లెలలో సభకు వినిపించునది మైకుసెట్టు వాని పెట్టెలు. బాస్ ఆంప్లిఫయరు వాయించువానికిని, ప్రక్కవారికిని వినబడిన చాలును. కావున మైకుసెట్టునకు నేరుగా తీగ ఇచ్చు మూడుమొనల రంధ్రము తప్పక యుండవలెను. అది యున్నచో 100 వాట్లది ఊరంతటికిని చాలును. కాని మైకువాడు గొట్టపు లౌడుస్పీకర్లు మాత్రమే తెచ్చినచో ఏ ఉపాయమును లేదు. అవి మాటకు పుట్టినవి. రెండు మూడు వందల కంపనములకు దిగువనున్న దానిని అవి పలుకజాలవు. బేరమాడునప్పుడే అడిగి తెలిసికొనవలయును.

అన్నింటికంటె ముఖ్యమైనది ఎర్తు తీగ. పందిటిలో ప్లగ్గు పట్టలేదని మూడవ మొనను విఱిచివేయు అలవాటు మనవారికున్నది. గిటారు తీగెలపై చేయి, మైకునకు పెదవి తగిలినపుడు, రెండు యంత్రముల నడుమ ఎర్తు సరిలేనిచో విద్యుత్తు ఆ మనుష్యుని గుండా పోవును. ఇది హాస్యమునకు చెప్పు మాట కాదు. ఒకమారు మా గాయకుడు పల్లవి నడుమ కేక వేసినపుడు, సభవారు గమకమనుకొని చప్పట్లు కొట్టిరి. నాటినుండి టెస్టరు నా జేబులో నుండును. అమెరికానుండి మేనల్లుడు తెచ్చిన పెట్టెను గూడ వెనుకకు త్రిప్పి చూడవలెను. అక్కడి విద్యుత్తు 120 ఓల్టులు. 100 నుండి 240 వఱకు అని వ్రాసియున్న సరే. 120 అని మాత్రమే యున్నచో మన 230 ఓల్టులకు తగిలించిన నిముసముననే పొగ.

కొనునాడు మీ గిటారునే తీసికొనిపొండు. డ్రమ్ము వానిని గూడ వెంటబెట్టుకొనుడు. ఒంటరిగా వాయించిన అన్నియు బాగుగనే యుండును. పిదప పెట్టెను ఒక చేత పట్టి అంగడి మెట్లు రెండుమార్లు ఎక్కి దిగుడు. అంగడివాడు నవ్వినను సరే.

మా మూడవ ఆంప్లిఫయరు 10 కిలోలది. వెనుకటి రెండును నేనే నిర్ణయించితిని గనుక ఈమారు నన్ను దుకాణము వెలుపల నిలిపి, మోయువాడే లోనికిపోయి కొనెను. రాత్రి పదిగంటలకు, శబ్దకాలుష్య నియమముల ప్రకారము, మైకు కట్టివేయుదురు. మైలవరమువద్ద చివరి బస్సు పట్టుకొని అతడు దానిని ఒడిలో పెట్టుకొని నిద్రించును. కండక్టరు దానికి లగేజి టిక్కెట్టు అడుగుట మానివేసినాడు.