మొలక లేని అడవి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా వెళ్ళివచ్చాను గనుక అక్కడి విశేషాలు నాలుగు మాటల్లో చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నయాగరా గురించి మీరందరూ వినే ఉంటారు. అటవీశాఖలో ముప్పయ్యేళ్ళు పనిచేసినవాణ్ణి కాబట్టి నేనొక అడవి గురించి చెబుతాను.

మా అబ్బాయి ఉండే న్యూజెర్సీలో, సోమర్సెట్ కౌంటీలో, హచిసన్ స్మారక వనం ఉంది. రట్గర్స్ విశ్వవిద్యాలయం వారిది. అందులో పాత అడవి సుమారు 65 ఎకరాలే. 1701 నుంచి ఒకే రైతు కుటుంబం చేతిలో ఉండి, గొడ్డలి వేటు తప్పించుకున్న తునక అది. 1955లో వడ్రంగుల కార్మిక సంఘం డబ్బిచ్చి దాన్ని కాపాడింది. ఆ సంఘాధ్యక్షుడి పేరే వనానికి పెట్టారు. కలప కోసే చేతులే అడవిని నిలబెట్టాయన్నమాట!

లోపల తెల్ల ఓకు, నల్ల ఓకు, ఎర్ర ఓకు, హికరీ చెట్లు. రెండు వందల ఏళ్ళు దాటినవీ ఉన్నాయి. ఒక పాత మాను వలయాల్లో 1641 నుంచి 1711 వరకు సుమారు పదేళ్ళకోసారి నిప్పు తగిలిన మచ్చలు కనిపించాయట. ఆ తర్వాత లేవు. ఓకు బెరడు మందం, నిప్పుకు ఓర్చుకుంటుంది. మంటలు పోయాక నీడలో పెరిగే మేపుల్ వంటి జాతులకు అదను దొరికింది.

పాత అలవాటు కొద్దీ నేను మానుల చుట్టుకొలతలు కంటితో అంచనా కట్టుకుంటూ నడిచాను. కాసేపటికి కిందికి చూశాను. ఓకు మొలక ఎక్కడో ఒకటి, అదీ కొన కొరికేసి ఉంది. మోకాలెత్తు పిల్ల ఓకు ఒక్కటీ కనబడలేదు.

కారణం జింకలు. తోడేళ్ళు, ప్యూమాలు అక్కడ ఏనాడో పోయాయి. చుట్టూ పొలాల్లో, ఇళ్ళ తోటల్లో మేసి జింకలు ఈ తునకలో తలదాచుకుంటాయి. పైగా 65 ఎకరాలంటే, చతురస్రమనుకుంటే పక్కకు అర కిలోమీటరు. నట్టనడుమ నిలబడ్డా అంచు పావు కిలోమీటరే! అన్ని వైపుల నుంచీ వెలుతురు, గాలి, కలుపు విత్తనాలు జొరబడతాయి. ఆసియా నుంచి వచ్చిన స్టిల్ట్ గడ్డి, ఐరోపా నుంచి వచ్చిన నార్వే మేపుల్ ఖాళీ జాగాలు ఆక్రమిస్తున్నాయి. ఆ దేశపు అడవుల్లో కంచె వేసి జింకల్ని ఆపిన చోట్ల మొలకలు లేచిన సందర్భాలూ ఉన్నాయి. అంటే నేలలో సత్తువ పోలేదు.

మిత్రులారా, మన ఆఫీసుల సంగతే చూడండి. కొత్త నియామకాలు ఆపేసినా కొన్నాళ్ళు సీనియారిటీ లిస్టు నిండుగానే కనబడుతుంది. ఒక్కొక్కరే రిటైరవుతుంటే తెలుస్తుంది, సెక్షనులో మిగిలేవి కుర్చీలేనని.

ఇక్కడొక తప్పు ఒప్పుకోవాలి. సర్వీసులో ఉండగా చెట్ల లెక్కింపుకు వెళ్ళినప్పుడు పెద్ద మానుల్ని టేపు పెట్టి కొలిచేవాణ్ణి. సహజ పునరుత్పత్తి అనే గడి దగ్గరకొచ్చేసరికి పొద్దుపోయేది. జీపులో కూర్చుని "సంతృప్తికరం" అని రాసేసేవాణ్ణి. ఎవరూ అడగలేదు. చాలా ఏళ్ళ తర్వాత అదే చోటికి వెళితే పెద్ద చెట్లు పడిపోయాయి, వాటి స్థానంలో లాంటానా పొదలున్నాయి. నా సంతకం మాత్రం ఫైలులో ఉంది.

అందుకే ఒక మనవి. ఏటా వనమహోత్సవంలో మన సంఘం మొక్కలు నాటి, ఎన్ని నాటామో మినిట్సులో రాస్తోంది. ఇకమీదట మూడో ఏడు ఎన్ని బతికాయో కూడా రాద్దాం. ఆ లెక్కింపు నాకప్పగించండి. ఈసారి జీపు దిగి రాస్తాను.