తిరగరాయటం మన పిల్లలకు ఎవరు నేర్పారు?

(హాస్టల్ విద్యార్థులకు, పల్లెల్లో పనిచేసే కార్యకర్తలకు జరిగిన శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



"మనోళ్ళకు రాత రాదు" అనే మాట ఈమధ్య మనవాళ్ళ నోటే వింటున్నాను. మాట్లాడమంటే గంట మాట్లాడతారు. పాటందుకుంటే తెల్లారేదాకా పాడతారు. డప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. అదే విషయం ఒక పేజీలో పెట్టమంటే "నావల్ల కాదు సార్" అని పెన్ను కింద పెడతారు. పదో తరగతి పిల్లవాడూ అంతే, డిగ్రీ చదివినవాడూ అంతే. తెలివి లేక ఇట్లా అవుతోందంటే నేనొప్పుకోను. రాయటం అనే పని ఎట్లా జరుగుతుందో మనకెవరూ చూపించలేదు. పని చూపించకుండా పంట మాత్రం కొలవమన్నారు.

మీలో ఎంతమందికి బళ్ళో ఒక్కో సబ్జెక్టుకి రెండేసి నోటు పుస్తకాలుండేవి? ఒకటి రఫ్పు, ఒకటి ఫెయిరు. చేతులెత్తండి. నలుగురు. ఇంతమందిలో నలుగురు. మిగతావాళ్ళకు ఒకటే పుస్తకం. అది అయిపోతే అమ్మకు కూలి డబ్బులు వచ్చేదాకా ఆగాలి. కాబట్టి రాసిందే ఫెయిరు. కొట్టివేతలుంటే దెబ్బలు, పేజీ చించితే దెబ్బలు. అట్లాంటి పిల్లవాడు సొంతంగా ఆలోచించి రాసే సాహసం చేస్తాడా? బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు దించుతాడు. దించటమే రాయటం అనుకుంటాడు. రఫ్పు పుస్తకం అంటే తప్పు రాసుకోవటానికి కాస్త జాగా. ఆ జాగా ఉన్న ఇళ్ళల్లో పిల్లలు తప్పులు చేసుకుంటూ, దిద్దుకుంటూ పెద్దవాళ్ళయ్యారు. మనకు ఊళ్ళో లేనట్టే పుస్తకంలో కూడా జాగా లేకపోయింది.

దించటం తర్వాత బట్టీ. గైడు. పరీక్షలో "మా ఊరు" అని వ్యాసం ఇస్తారు. గైడులో ఊరు ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. ఊరి మధ్య రామాలయం, పక్కన చెరువు, చుట్టూ పచ్చని పొలాలు, ప్రజలందరూ అన్నదమ్ముల్లా కలిసిమెలిసి ఉంటారు. మన మాదిగపల్లె పిల్ల ఇది బట్టీపట్టి రాస్తుంది. పదికి ఏడు మార్కులొస్తాయి. ఆ పిల్ల ఆ రామాలయం గడప తొక్కలేదు. వాళ్ళ తాత టీ కొట్లో వేరే గ్లాసులో తాగి, ఆ గ్లాసు తనే కడిగిపెట్టి వచ్చినవాడు. ఆ పచ్చని పొలాల్లో నాట్లేసింది వాళ్ళమ్మ, పొలం మాత్రం వాళ్ళది కాదు. ఇదంతా ఆ పిల్లకు బాగా తెలుసు. అయినా తనకు తెలిసింది రాయకూడదనీ, ఇంకెవరికో తెలిసిందే రాయాలనీ ఆ ఏడు మార్కులు ఆమెకు నేర్పాయి. సున్నా వచ్చిన పిల్లకంటే ఏడు వచ్చిన ఈ పిల్లకే ఎక్కువ నష్టం జరిగిందని నా అభిప్రాయం. ఇప్పుడు గైడు ఫోనులోకి కూడా వచ్చింది. అడిగితే అరనిమిషంలో "మా ఊరు" రాసిస్తుంది. అందులో మన పల్లె ఉందో లేదో మీరే అడిగి చూడండి.

ఇట్లా రాయనని ఎదురు తిరిగిన విద్యార్థిని మన చరిత్రలో ఒకామె ఉంది. పేరు ముక్తా సాళ్వే. మహారాష్ట్రలో మాంగ్ కులం, అంటే ఇక్కడి మాదిగల వంటివాళ్ళు. పూనాలో జోతిరావు ఫూలే, సావిత్రిబాయి దంపతులు నడిపిన బడిలో చదివింది. పద్నాలుగేళ్ళ వయసులో మాంగుల, మహర్ల బాధల మీద ఒక వ్యాసం రాస్తే 1855లో 'జ్ఞానోదయ' పత్రిక అచ్చు వేసింది. వేదాలు బ్రాహ్మణులవే అయితే మా మతం ఏదో చెప్పమని ఆ పిల్ల దేవుణ్ణే నిలదీసింది. తలమీద కప్పు లేకుండా ప్రసవించే తమ ఆడవాళ్ళ అవస్థ రాసింది. అది కూడా బడి పిల్ల రాసిన వ్యాసమే కదా! అంత ధైర్యం ఎట్లా వచ్చిందంటారు. తెలిసింది రాస్తే కొట్టని బడి ఆ పిల్లకు దొరికింది.

ఇక బాబాసాహెబ్ దగ్గరకొద్దాం. మన పల్లెల్లో విగ్రహం చూడండి, చంకలో పుస్తకం, పైకెత్తిన వేలు. అది చూసి ఆయన పుట్టుకతోనే మహా రచయిత అనుకుంటాం. 1913లో అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు ఆయన ఇరవైరెండేళ్ళ విద్యార్థి. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ అనే ప్రొఫెసరు తరగతిలో కులాల పుట్టుక మీద ఒక పేపరు చదివారు. ముందు చదివి వినిపించారు, ఏడాది తర్వాత, 1917 మేలో, 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో అచ్చయింది. ఏ కులం వాళ్ళు ఆ కులంలోనే పెళ్ళి చేసుకోవాలన్న కట్టుబాటే కులాన్ని నిలబెడుతోందని ఆ పేపరు సారాంశం. ఈ పేపరు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

తర్వాత లండన్. 1922లో రూపాయి సమస్య మీద పెద్ద పరిశోధనా గ్రంథం సమర్పించారు. పరీక్షకులు ఒప్పుకోలేదు, తిరగరాయమన్నారు. మన పిల్లవాడి పేపరు మీద ఎర్ర సిరా పడితే వారం రోజులు అన్నం సయించదు. ఆయన పరిస్థితి చూడండి, ముప్పై దాటాయి, చేతిలో డబ్బుల్లేవు, బొంబాయి తిరిగి రావాల్సి వచ్చింది. ఇక్కడ కూర్చుని తిరగరాసి పంపారు. 1923లోనే అంగీకరించారు, డాక్టరేటు వచ్చింది, ఆ ఏడాది చివర్లో పుస్తకంగా వెలువడింది. ఆయన జీవితచరిత్ర రాసిన ధనంజయ్ కీర్ చెప్పేదేమంటే, తిరగరాసినప్పుడు తాను తేల్చిన విషయాలను మాత్రం మార్చలేదని.

ఇది మన తాతలకు తెలియని పనేం కాదు. పచ్చితోలు తెచ్చిన రోజే చెప్పు కుట్టినవాడు ఎవరైనా ఉన్నాడా? సున్నంలో నానాలి, వెంట్రుక గీకాలి, తంగేడు చెక్క వేసి లందలో ఊనాలి, ఆరాలి. తొందరపడితే కుళ్ళుతుంది. తోలుకు ఇన్ని దినాలిచ్చిన మనం కాగితానికి ఒక్క గంట ఇచ్చి, రాలేదని ఏడుస్తున్నాం.

1936లో లాహోరులో జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్ళు తమ మహాసభకు బాబాసాహెబ్‌ను అధ్యక్షుడిగా పిలిచారు. ఆయన ప్రసంగం ముందే రాసి పంపితే చూసి భయపడ్డారు. ఫలానా భాగాలు తీసెయ్యమన్నారు. కామా కూడా మార్చనని ఆయన జవాబు రాశారు. సభ ఆగిపోయింది. ఆ ప్రసంగాన్ని తన ఖర్చుతోనే అచ్చు వేయించారు. అదే 'కులనిర్మూలన'. పదిహేను వందల ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయి.

ఒకే మనిషి 1923లో తిరగరాశారు, 1936లో కామా కూడా మార్చనన్నారు. విద్యార్థులు ఆలోచించాల్సింది ఇక్కడే. మొదటిసారి తిరగరాసినప్పుడు ఆయన వాదం ఆయన దగ్గరే ఉంది, ఇంకొంచెం గట్టిపడి ఉంటుంది కూడా. రెండోసారి అడిగింది వాదాన్నే తీసెయ్యమని, పిలిచినవాళ్ళ మనసు నొచ్చుకోకుండా. మన రాతను ఎవరైనా మార్చమన్నప్పుడు ఇది ఏ రకం మార్పో పోల్చుకోవాలి. అక్షరదోషం చూపిస్తే కోపం తెచ్చుకోకూడదు. "మాదిగ అని రాయకు, బాగుండదు" అంటే దిద్దుకోనక్కర్లేదు. మన పిల్లల్లో నేను చూసేది చాలాసార్లు తలకిందులు. దోషం దిద్దితే అవమానం అనుకుంటారు, కులం పేరు కొట్టేయమంటే తలూపి కొట్టేస్తారు.

ఆయన కూడా ఎవరి మాటా వినకుండా కూర్చోలేదు. 1937లో రెండో ముద్రణ వేసినప్పుడు గాంధీ చేసిన విమర్శను, దానికి తన సమాధానాన్ని కూడా కలిపారు. మూడో ముద్రణకు 1944లో రాసిన ముందుమాటలో, 1916 నాటి కులాల పేపరును కూడా ఇందులో కలిపి మొత్తం తిరగరాద్దామనుకున్నాను, తీరిక దొరకలేదు అని చెప్పుకున్నారు. విద్యార్థిగా చదివిన పేపరు మీద ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత కూడా ఇంకా పని ఉందనుకున్నారాయన. అప్పటికి ఆయన వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడు.

ఇప్పుడు మన హాస్టలు సంగతి. పేరు చెప్పను, ఇక్కడున్న కొందరికి తెలుసు. అన్నంలో పురుగులొస్తున్నాయని పిల్లలు అర్జీ రాశారు. మొదటి కాగితం నాకు చూపించారు. "మహారాజశ్రీ గౌరవనీయులైన అధికారి గారి దివ్య సముఖమునకు" అని మొదలైంది. సగం పేజీ దండాలు. చివర్లో "అన్నం బాగుండుట లేదు కావున దయ చూపగలరు." ఆ భాష ఎవరిది? తాతల కాలంలో కరణం రాసిపెట్టిన అర్జీ భాష. పిల్లల్ని కూర్చోబెట్టి అడిగాను, ఏం జరిగిందిరా నోటితో చెప్పండి అని. ఒకడు సోమవారం రాత్రి అన్నాడు, ఇంకొకడు కాదు, మంగళవారం అన్నాడు. ఎంతమంది తినలేదు? బియ్యం బస్తాలు ఎక్కడ పెడుతున్నారు? ఎవరికి చెప్పారు, ఏమన్నారు? వాదులాడుకున్నారు, వెళ్ళి వంటగది చూసొచ్చారు. రెండోసారి రాశారు, అది తిట్లతో నిండిపోయింది. తిట్టటం తప్పని నేననలేదు, తిట్టు చదివిన అధికారి కాగితం పక్కన పడేస్తాడని చెప్పాను. మూడోసారి ఎనిమిది వాక్యాలు. తేదీలు, సంఖ్యలు, స్టోరు రూము పైకప్పు కారటం. దయ అనే మాట లేదు. ఆ ఎనిమిది వాక్యాలకు మూడు సాయంత్రాలు పట్టింది. బస్తాలు మారాయి. కప్పు ఇంకా కారుతూనే ఉంది, నాలుగో కాగితం రాస్తున్నారు.

కార్యకర్తలకు ఇది ఇంకా పెద్ద విషయం. చుండూరు మరిచిపోలేదు కదా. 1991 ఆగస్టు 6. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు ఆ శిక్షల్ని కొట్టేసింది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అనేవి రుజువు కాలేదని చెప్పింది. ఆ తీర్పు న్యాయమని నేననను. చనిపోయినవాళ్ళ కోసం పరిగెత్తే మనిషి గడియారం చూసుకుంటాడా? అయినా కోర్టు అడిగేది అవే. కాబట్టి ఆ రాత్రే, గుర్తున్నంతలో, తప్పులతోనైనా సరే రాసి పెట్టుకునేవాడు పల్లెకొకడు ఉండాలి. ఆ కాగితం రఫ్పు. దాన్ని చించొద్దు, తేదీ వేసి దాచండి. ఫిర్యాదు దాన్ని చూసి రాయండి.

స్టేషన్‌లో మన మాట వాళ్ళు రాసుకుంటారు. రాసేవాడి చేతిలో మాట మారుతుంది. మనోళ్ళు వేలిముద్ర వేసి పొలాలు పోగొట్టుకున్న కథలు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. దాని నాలుగో సెక్షన్ ప్రకారం, నోటితో చెప్పిన ఫిర్యాదును స్టేషన్ అధికారి రాసుకున్నాక, సంతకం తీసుకునే ముందు చదివి వినిపించాలి. ఆ తర్వాత వెంటనే కాపీ ఇవ్వాలి. ఇది ఆయన చేసే ఉపకారం కాదు, ఆయన విధి. వినండి, తేడా ఉంటే మార్చమనండి, మార్చాకే సంతకం పెట్టండి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరిద్దరు కూర్చుంటారు. ఒక కార్యకర్త, ఒక విద్యార్థి. మీ పల్లెలో నిజంగా జరిగిన ఒక సంగతి కార్యకర్త చెప్పాలి, పిల్లలు రాయాలి, రాసింది చదివి వినిపించాలి. చెప్పినాయన "నేననింది ఇది కాదు" అంటే కొట్టేసి మళ్ళీ రాయాలి. ఒక్కొక్కరికి ఆరు కాగితాలిస్తున్నాం. అన్నీ వాడండి. జై భీమ్.