తాతమ్మయు మునిమనుమఁడును
(తాడేపల్లి వార్షిక మహాసభయందుఁ గావింపఁబడిన యుపన్యాసము)



వృద్ధులయెడ మనుమల ధర్మమునుగూర్చి మాటలాడుమని కార్యనిర్వాహకులు నన్నాజ్ఞాపించిరి. ధర్మమనఁగానే శ్లోకములు చదువుట నాబోఁటి పాతపంతుళ్ల కలవాటు. నేఁడు వానిని ప్రక్కనుంచి, మన గుంటూరుసీమలో జరిగిన సంగతి నొకదానిని మనవి చేసెదను.

తెనాలి ప్రాంతమందు గుడివాడ యను గ్రామము గలదు. కృష్ణామండలమందలి పట్టణము వేఱు. అచ్చట కర్రె మస్తానమ్మ యను వృద్ధురాలుండెడిది. పదునొకండవ యేఁట వివాహము, ఇరువదిరెండవ యేఁట వైధవ్యము. కడుపునఁ బుట్టిన యైదుగురిలో దక్కినవాఁడొక్కఁడే. కూలికిఁ బోయి, బస్తాలు మోసి యా బిడ్డనుఁ బెంచినది. ఆమెకు నూఱేండ్లు పైఁబడిన పిదప, 2016వ సంవత్సరమున, మునిమనుమఁడు లక్ష్మణ్ తన మిత్రుఁడు శ్రీనాథ్ రెడ్డితోఁ గలిసి యామె వంటను చిత్రము పట్టి యూట్యూబునందుంచెను. మొదటిది వంకాయకూర.

ఆ చిత్రములను నేను పలుమాఱులు చూచితిని. ఆరుబయట కట్టెలపొయ్యి, ప్రక్కన పచ్చనిపొలము. అల్లపుఁబొట్టును గోళ్లతోనే యొలిచివేయును. పుచ్చకాయను దొలిచి యందుఁ గోడిమాంసము వండిన చిత్రమునకైతే లోకమంతయు నబ్బురపడినది. 2018 డిసెంబరులో, 107 ఏండ్ల వయస్సున నామె కన్నుమూసెనని విదేశపత్రికలును బ్రకటించినవి. అప్పటి కామె వంట కనుసరించువారు పదిలక్షలకు మించియుండిరి.

ఇందు విశేషము కీర్తి కాదు. ముసలివారిని "నీవు కదలక కూర్చుండుమమ్మా" యనుటయే మన యిండ్లలో భక్తియని చెల్లుచున్నది. ఈ బాలుఁడు కూర్చుండుమనలేదు, "తాతమ్మా, ఎట్లు చేయుదువు?" అని యడిగినవానివలె నామె చేతులవంకఁ జూచినాఁడు. దానివలన మనుమనికి సొమ్ము వచ్చెఁగదా, ప్రేమయేమని యొకరు నాతో ననిరి. తాత యిచ్చిన పొలము దున్నుకొను మనుమని నెవ్వరు నిట్లడుగరు. ఆమె యే కులమని మఱియొకరు ప్రశ్నించిరి. కులసభలో నది సహజమే; నేను విచారింపలేదు.

2007వ సంవత్సరపు కేంద్రశాసనముచే, పోషింపవలసిన సంతానములో యుక్తవయస్కులగు మనుమఁడును మనుమరాలును జేరిరి. నెలకుఁ బదివేల రూపాయలకు మించని మనోవర్తి యను పరిమితియు నందుఁ గలదు. ఆకలి కది యవసరమే. కాని "అమ్మమ్మా, నీ చిన్నతనమునఁ బత్తితీఁత యెట్లుండెడిది?" అని యడుగుమని యే శాసనమును నిర్బంధింపఁజాలదు. తర్పణమందు పితామహికిని బ్రపితామహికిని బేరు పెట్టి తిలోదకములు విడుచుచున్నాము. బ్రదికియున్న ముసలమ్మకు నసలు పేరేమో తెలిసిన మనుమలు మన బాలురలో నెందఱు? ఇంట నందఱును "మామ్మ" యందురు గావున నా పేరు రేషనుకార్డునందే నిలిచియుండును.

మన బిడ్డలు హైదరాబాదునను, అమెరికాలోను ఉన్నారు. ఫోనులో ముఖము చూపి "బాగున్నావా, మందులు వేసికొంటివా" యందురు. ఆమె "ఆఁ, నాయనా" యనును. అంతటితో సరి. మిరపకాయ కల్లములో నెన్నిదినము లెండవలెనో, తాలుకాయ నెట్లేరవలెనో, కఱవునాఁ డేమి తిని బ్రదికిరో యా తల్లికిఁ దెలియును. మా నాయనమ్మ కారము దంచిన రోలు నేఁటికిని మా పెరటిలోనున్నది. ఆమె వేసెడి పాళ్లు మాత్ర మిప్పుడు మా యింట నెవ్వరికిని దెలియవు.

కావున పోషకులకొక విన్నపము. ఈ సంచికయందు దాతల ఛాయాచిత్రములకుఁ జాల పుటలు కేటాయింపఁబడినవి, తప్పనను. రాఁబోవు సంచికలోఁ బదిపుటలు విడువుఁడు. ఎనుబదేండ్లు దాఁటిన తల్లుల మాటలను వారి మనుమలే విని, వారి నుడికారము దిద్దక వ్రాసి తేవలెను. క్రింద వ్రాసినవాని పేరు చిన్నయక్షరములలోను, మీఁద నామె యసలు పేరు పెద్దయక్షరములలోను ముద్రింపవలెను. పంతులుద్యోగమున నలువదేండ్లు దిద్దిన చేయి యిది. ఆ పుటలకు మాత్రము ఎఱ్ఱసిరా ముట్టనని మాటయిచ్చుచున్నాను. ముద్రణవ్యయము భరింపఁగోరువారు భోజనములకు ముందే కార్యదర్శిగారికిఁ దెలుపుదురుగాక.