పద్దు ఒకటి, పెద్దలిద్దరు



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము కంప్యూటరులకు సంబంధించినది. పలకా బలపములతో కాలము గడపిన పల్లెటూరి పంతులునకు దీనితో నేమి పనియని మీరు శంకింపవచ్చును. మన బ్యాంకు ఖాతాలును, భూముల లెక్కలును నేడు డేటాబేసులనబడు యంత్రపు పద్దులలో నున్నవి. పద్దు ఎచ్చట నున్నను దాని ధర్మ మొక్కటియే. ఆ ధర్మము తప్పిన నేమగునో నా యుద్యోగకాలమున నేను స్వయముగా ననుభవించితిని.

నే నొక చిన్న పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడనై యున్న దినములవి. ఒక జూన్ మాసమున ప్రవేశముల పుస్తకమును సరిచూచుటకై ఇంటికి గొనిపోయితిని. ఆ రాత్రి వర్షమునకు మా యూరికిని పాఠశాలకును నడుమనున్న వాగు పొంగి, రెండు దినములు రాకపోకలు నిలిచినవి. నా జాడ తెలియక నా సహోపాధ్యాయుడు, పిల్లలు ఊరక తిరిగిపోరాదని యొక క్రొత్త పుస్తకము తెరచి, తనకు జ్ఞాపకమున్న కడపటి సంఖ్యనుండి వ్రాయసాగెను. ఇవతల మా యూరి పిల్లలు నలుగురు రాగా, నేను అసలు పుస్తకములో వ్రాసితిని. వాగు తీసిన పిమ్మట చూడగా నొక్కొక్క సంఖ్యకు నిద్దరు పిల్లలు! మాలో నెవ్వరును సోమరులము గాము. ఇద్దరమును పనిచేయుటయే దోషమైనది.

తొందరపడి ఆ పేర్లను అసలు పుస్తకములోని కెక్కించి, రెండవదానిని చింపివేసితిమి. ఆ తొందరలో నొక కూలివాని కుమారుని పేరు జారిపోయినది. కొన్నియేండ్లకు పరీక్షకు దరఖాస్తు పంపు దినమున గాని యది బయటపడలేదు. హాజరుపట్టీలో వాని పేరున్నది, ప్రవేశపుస్తకములో లేదు. ఆ యేడు వాడు పరీక్షకు కూర్చుండలేదు. "అయ్యగారూ, మావాడు ఇన్నాళ్ళూ మీ బడిలోనే కదండీ కూర్చున్నాడు" అని వాని తండ్రి యడిగిన మాటకు నేటికిని నాయొద్ద బదులు లేదు.

ఇక యంత్రముల సంగతి. డేటాబేసు నొక్క యంత్రమునందే యుంచినచో, అది చెడిన దినమున పనియంతయు నిలిచిపోవును. అందుచేత కొన్ని యంత్రములను జట్టుగా నిలుపుదురు. ఆ జట్టునకు క్లస్టరని పేరు. అందులో వ్రాయు నధికారము సాధారణముగా నొక్కదానికే. దానిని ప్రైమరీ యందురు. తక్కినవి దాని వ్రాతకు నకళ్ళు తీయుచుండును, అవి రెప్లికాలు. ప్రైమరీ బ్రతికియున్నదా లేదా యని కాపలా ప్రోగ్రాములు కొద్ది క్షణముల కొకమారు పలుకరించుచుండును. బదులు రానిచో నొక రెప్లికాకు వ్రాయు నధికారము నిచ్చును. ఈ చేతిమార్పునకే ఫెయిలోవరని పేరు. అర్ధరాత్రమున మనుష్యుని నిద్ర లేపుటకు మారుగా, ఇది దానంతటదియే జరుగునట్లు నేడు ఏర్పాటు చేయుచున్నారు.

చిక్కు ఇచ్చటనే యున్నది. బదులు రాకపోవుట చావునకు గుర్తు కాదు. ప్రైమరీ చెడియుండవచ్చును, లేక నడిమి దారి తెగియుండవచ్చును. దూరమున నున్న వానికి రెండును ఒక్కరీతిగనే తోచును. నేను జబ్బుపడితినో, వాగున కావల చిక్కితినో నా సహోపాధ్యాయునకు తెలియలేదు గదా!

దీనికి మొదటి కట్టుబాటు అధికసంఖ్యాకుల నిర్ణయము. కాపలాదారులు ముగ్గురున్నచో ఇద్దరు, ఐదుగురున్నచో ముగ్గురు ఏకమైనగాని అధికారము మారరాదు. దారి తెగి రెండు గుంపులైనను, సగమునకు మించినవారు రెండువైపుల నుండజాలరు. రెండవ కట్టుబాటు ఫెన్సింగు, అనగా కంచె వేయుట. క్రొత్తదానికి కలము నిచ్చుటకు ముందు పాతదాని కలము లాగుకొనవలెను; అవసరమైనచో దాని విద్యుత్తునే ఆపివేయుదురు.

అధికసంఖ్య కుదిరినను చిక్కు తప్పదనుటకు గిట్‌హబ్ అను సంస్థలో జరిగిన సంగతి దృష్టాంతము. ప్రోగ్రాములు వ్రాయువారు తమ వ్రాతలను దాచుకొను చోటది. 2018వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన, అమెరికా తూర్పుతీరమందలి వారి ముఖ్య కేంద్రమునకు, మరమ్మతు పనులలో, 43 సెకనులు మాత్రము సంబంధము తెగినది. ఆర్కెస్ట్రేటర్ అను కాపలా ప్రోగ్రాము నియమము ప్రకారము అధికసంఖ్యను కూర్చుకొని, పడమటితీరపు యంత్రములకు వ్రాయు నధికారము నిచ్చెను. కాని తూర్పున వ్రాయబడిన కడపటి కొన్ని వ్రాతలు పడమటికి చేరియుండలేదు. దారి కుదిరిన వెంటనే క్రొత్త వ్రాతలు పడమట మొదలైనవి. ఇట్లు ఒకచోట నున్నవి మరియొకచోట లేకపోయెను. మిక్కిలి పనిగల క్లస్టరులలో నొకదానియందు అట్లు చేరనివి 954 వ్రాతలు. వాగు రెండు దినములు పొంగగా నా చిక్కు ఏండ్లు నడచినట్లే, 43 సెకనుల తెగుదల వారి సేవను 24 గంటల 11 నిమిషములు కుంటుపరచినది.

అధికసంఖ్య పెద్ద యెవరో నిర్ణయించునే గాని, దారిలో నిలిచిన వ్రాతను గట్టు చేర్చదు. రెప్లికా కూడ వ్రాసికొన్న పిమ్మటనే "వ్రాసితిని" అని బదులు చెప్పు పద్ధతి కలదు. అందులో నష్టము తగ్గును, ఆలస్యము పెరుగును. బ్యాంకు పద్దునకు ఆ యాలస్యము సహింపదగినదే.

కాబట్టి క్లస్టరు తడబడినపుడు దానిని కాచువాడు వరుసగా విచారింపవలసినవి ఇవి. చెడినది యంత్రమా, దారియా? ఇప్పుడు కలము పట్టినవా రెందరు? నకలు అసలుకన్న నెంత వెనుకబడి యున్నది? ఈ మూడింటికిని బదులు దొరకక పూర్వము పాతదానిని మరల జట్టులో చేర్చరాదు. ఈ యభ్యాసము ఆపదవేళ గాక, పని తక్కువగా నున్న దినమున, బుద్ధిపూర్వకముగా నొక యంత్రము నాపి చేయవలెను. వాగు పొంగినపు డీత నేర్వబూనువాడు లేడు గదా!

గిట్‌హబ్ వారు ఆనాడు చేసిన మంచిపని యొకటి కలదు. సేవ ఆలస్యమైనను సరే, వ్రాత చెడరాదని నిశ్చయించి కొన్ని పనులను తామే నిలిపివేసిరి. తూర్పున మిగిలిన వ్రాతల చిట్టాను చెరపక భద్రపరచి, పిమ్మట ఒక్కొక్కటిగా సరిచూడ మొదలిడిరి. ఇది చదివినపుడు మేము చింపివేసిన ఆ రెండవ పుస్తకము నా కన్నులకు గట్టినది. ఆ బాలుడు మరుసటి యేడు పరీక్ష నిచ్చి యుత్తీర్ణుడయ్యెను. ఆ పుస్తకమును దాచియుండినచో వాని కొక సంవత్సరము మిగిలెడిది.