గరగరమనే బ్రేకు

తెల్లవారుజామునే విశాఖ పూర్ణా మార్కెట్‌కి కూరగాయలకని కారు తీస్తే, మొదటి బ్రేకుకి గరగరమని చప్పుడొస్తుంది. కంగారు పడకండి. బ్రేకు డిస్క్ పోత ఇనుముతో చేసింది. రాత్రంతా ఉప్పుగాలి తగిలితే పైన నారింజ రంగు పొర కడుతుంది. నాలుగు బ్రేకులు పడేసరికి ప్యాడ్లే దాన్ని గీకేస్తాయి.

డిస్క్ మార్చాల్సివస్తే షాపులో రకరకాలు చూపిస్తారు. ఒకే పలకగా ఉండేది సాదా డిస్క్. రెండు పలకల మధ్య గాలాడే సందులుంటే వెంటిలేటెడ్. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు తూలి ముందు బ్రేకులే ఎక్కువ వేడెక్కుతాయి కాబట్టి, ముందు చక్రాలకి ఎక్కువగా ఇదే. సింహాచలం ఘాట్ రోడ్డు దిగేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. అయినా అక్కడ చిన్న గేరులోనే దిగండి, బ్రేకు మీదే కాలుంచి కాదు.

చిల్లులు పొడిచినవి చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. బాగా వేడెక్కితే ఆ చిల్లుల దగ్గరే బీటలు మొదలవుతాయి. గాడులు తీసినవి తడినీ దుమ్మునీ బయటికి తోసేస్తాయి గానీ ప్యాడ్లు త్వరగా అరుగుతాయి, రొద కూడా. ఆటోల వెనకాల ఆగుతూ సాగుతూ పోయే మనకి ఆ సోకెందుకండీ! అసలు కొలతకి సరిపోయి, మధ్యభాగానికీ అంచులకీ తుప్పు పట్టని పూత ఉన్నది చాలు.

పాతదాన్ని లేత్ పట్టించేముందు మందం కొలిపించండి. కనీస మందం ఎన్ని మిల్లీమీటర్లో సాధారణంగా డిస్క్ మీదే చెక్కి ఉంటుంది. అంతకన్నా పలచబడితే మార్చడమే, రెండు పక్కలా, ప్యాడ్లతో సహా. కొత్తదానికి నూనె రాసి ఉంటే, శుభ్రంగా తుడిచాకే బిగించమనండి.